రాయితీ పుస్తకం

(చెన్నైలో ఒక తెలుగు బడి పూర్వ విద్యార్థుల సమావేశంలో, ఆ బడికి చాలాకాలం కోశాధికారిగా పనిచేసిన వారు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆ మూల ఫ్యాను కాస్త తగ్గించండి బాబూ, కాగితాలు ఎగిరిపోతే నా లెక్కలన్నీ కలగాపులగం అవుతాయి. కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. లెక్కలు రాసేవాడి చేతికి మైకు ఇస్తే అంతలో ఆపడు. ఆపకపోతే టీ పంపించండి, అర్థం చేసుకుంటాను.

ఆహ్వాన పత్రిక మీద ఒక వాక్యం అచ్చు వేశారు. ‘సర్కారు సొమ్ము అక్కరలేని బడి, డబ్బు లేదని ఏ బిడ్డనూ వెనక్కి పంపని బడి.’ చదవడానికి బాగుంది. కానీ ఇరవై రెండేళ్లు ఈ బడి డబ్బాకు తాళం వేసినవాడిగా చెబుతున్నాను, ఆ వాక్యంలో మొదటి సగానికీ రెండో సగానికీ పడదు. మొదటిది సులువు, జమాఖర్చుల్లో ఒక పద్దు కొట్టేస్తే అయిపోతుంది. ఆ తర్వాత రెండో సగం ఎవరి నెత్తిన పడుతుందన్నదే నేను మాట్లాడదలచుకున్న సంగతి.

ఇదిగో, ఈ పొడుగు పుస్తకం తెచ్చాను. ఎర్ర గుడ్డ అట్ట, ఒక మూల చెదలు తినేసింది. దీన్ని ఆఫీసులో రాయితీ పుస్తకం అనేవాళ్లం. పేరు, తరగతి, కట్టవలసినది, తగ్గించినది, కారణం అని గడులు ఉంటాయి. ఆ చివరి గడి చదువుకుంటూ పోతే ఉత్తర చెన్నై చరిత్ర కొంత తెలుస్తుంది. 1996 పేజీలు చూడండి. పెరంబూరులో బి అండ్ సి బట్టల మిల్లు మూతపడిన ఏడాది. వరుసగా ‘మిల్లు’, ‘మిల్లు’, ‘మిల్లు’ అని ఉంటుంది. గుమస్తాకు పూర్తిగా రాసే ఓపిక కూడా పోయి చివరకు కింద రెండు చుక్కలు పెట్టాడు. ఇక్కడ కూర్చున్న వాళ్లలో కొందరి నాన్నగార్లు ఆ చుక్కల్లో ఉన్నారు. పేర్లు చదవను, కంగారు పడకండి.

ఒకచోట మాత్రం కారణం గడిలో ఒట్టి గీత ఉంది. ఆ రోజు నాకు బాగా గుర్తు. ఫీజు కిటికీ దగ్గర వరుసలో నిలబడిన ఒకావిడ, తన వంతు వచ్చాక గొంతు తగ్గించి, ‘రాయితీ ఇవ్వకపోయినా ఫరవాలేదు సార్, కారణం మాత్రం రాయకండి’ అంది. ఆవిడ వెనక నిలబడింది వాళ్ల పక్కింటివాళ్లే. పుస్తకం కిటికీ చెక్క మీద అందరికీ కనబడేలా తెరిచి ఉంది. అన్నేళ్లుగా అలాగే ఉంది, నాకు ఎప్పుడూ తట్టలేదు. గీత గీసి ఫీజు సగం చేశాను. ఆ మార్చిలో ఆడిటర్ వచ్చి ఆ గీత మీద వేలు పెట్టి, కారణం లేని రాయితీని ఎలా ఒప్పుకోమంటారని అడిగాడు. ఆయన అడగడమూ న్యాయమే. ఇద్దరూ న్యాయంగానే అడిగారు, మధ్యలో నేను ఇరుక్కున్నాను.

సర్కారు సొమ్ము సంగతికి వస్తాను. మీలో చాలామందికి ఎయిడెడ్, అన్‌ఎయిడెడ్ అన్న మాటలు తెలుసు కానీ డబ్బు ఏ దారిన వస్తుందో తెలియదు. ఎయిడెడ్ అంటే మంజూరైన పోస్టుల్లో ఉన్న టీచర్లకు జీతం ప్రభుత్వం ఇస్తుంది. అందుకు బదులుగా పోస్టులు ఎన్నో, అర్హతలు ఏమిటో, పిల్లల సంఖ్య తగ్గితే ఎవరు మిగులు టీచరో ప్రభుత్వమే చెబుతుంది. జీతం ఇచ్చేవాడు లెక్క అడగడంలో తప్పేమీ లేదు. 1854లో లండన్ నుంచి చార్లెస్ ఉడ్ పంపిన విద్యా తాఖీదుతో ఈ గ్రాంటు పద్ధతి మన దేశంలో వేళ్లూనుకున్నప్పటి నుంచీ బేరం ఇదే. మీరు బడి పెట్టండి, మేము కొంత ఇస్తాం, మా తనిఖీదారు వస్తాడు. అయితే తమిళనాడులో ఈ బేరం కొత్తవాళ్లకు ఎప్పుడో మూతపడింది. 1991-92 విద్యా సంవత్సరం నుంచి మొదలైన ప్రైవేటు బడులకు గ్రాంటు లేదని చట్టంలోనే రాశారు. మన బడిలో పాత సెక్షన్లకు గ్రాంటు వస్తుంది, తర్వాత తెరిచిన ఇంగ్లీషు మీడియం సెక్షన్లకు రాదు. అంటే ఆ సెక్షన్ల విషయంలో మనం ఏ సొమ్మునూ వద్దనడం లేదు. కాయని చెట్టు కింద నిలబడి మామిడిపళ్లు అక్కరలేదంటున్నాం, అంతే.

రెండో దారి పిల్లవాడి పేరుతో వచ్చే డబ్బు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడి కూడా ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు పేద, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. ప్రభుత్వం తాను ఒక్కో పిల్లవాడి మీద పెట్టే ఖర్చు, ఆ బడి ఫీజు, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది బడికి తిరిగి చెల్లించాలి. మన రాష్ట్రంలో పేద కుటుంబం అంటే ఏడాది ఆదాయం రెండు లక్షల లోపు అన్నది కొలత. కాగితం మీద ఇది చక్కని ఏర్పాటు. ఆ చెల్లింపు దేనికి ముడిపడి ఉందో మొన్న చూశాం కదా. కొత్త విద్యా విధానం అమలు చేయాలనే షరతున్న పీఎం శ్రీ బడుల పథకం ఒప్పందం మీద రాష్ట్రం సంతకం చేయనన్నది. ఈ సీట్ల చెల్లింపు కూడా కలిసి ఉన్న సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద 2024-25కు రావలసిన సుమారు 2,152 కోట్లు కేంద్రం ఆపింది. 2025 జూన్‌లో బడులు తెరిచేనాటికి ఈ 25 శాతం సీట్లకు దరఖాస్తులే మొదలు కాలేదు. కేంద్రం ఇవ్వకపోయినా చెల్లించే బాధ్యత రాష్ట్రానిదేనని, ఈ భాగాన్ని కొత్త విద్యా విధానంతో ముడిపెట్టనక్కర్లేదని మద్రాసు హైకోర్టు చెప్పింది. ప్రవేశాలు అక్టోబరులో గానీ కదల్లేదు. ఒకటో తరగతి పిల్లవాడికి జూన్‌కూ అక్టోబరుకూ మధ్య ఎంత దూరమో టీచర్లను అడగండి. అక్షరాలన్నీ ఆ మధ్యలోనే అయిపోతాయి. ఇందులో తప్పు ఢిల్లీదా, రాష్ట్ర సచివాలయం ఉన్న కోటదా అన్న పంచాయితీ నాకు వద్దు. దూరంగా ఉన్న ఇద్దరు పెద్దలకు పేచీ వస్తే మన వీధిలో సీటు ఆగిపోయింది, నాకు కనబడింది అదీ.

ఈ చట్టం మన బడిని ఏమీ అడగదు, అది కూడా చెప్పాలి. తమిళనాడులో తెలుగువాళ్లం భాషా అల్పసంఖ్యాకులం. అల్పసంఖ్యాకులు తమ బడులు తామే నడుపుకోవచ్చనే రాజ్యాంగం 30వ అధికరణ రక్షణ మన బడికి ఉంది. ఎయిడెడ్ అయినా కాకపోయినా అల్పసంఖ్యాకుల బడులకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2014 మేలో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును మళ్లీ పరిశీలించాలని 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది కాబట్టి, రేపు ఎలా ఉంటుందో చూడాలి. 2014 తీర్పు వచ్చిన రోజు మా కమిటీలో ఒకరు మిఠాయి తెచ్చారు. నేనూ తిన్నాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే అనిపించింది, మన గేటు ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకున్న అతని కూతురికి ఏ బడి అయినా 25 శాతంలో సీటు బాకీ ఉంది, మనం తప్ప. మిఠాయి దేనికి తిన్నట్టు?

అమెరికా సంగతి ఒకటి చెబుతాను, మన ఆహ్వాన పత్రిక మీది వాక్యానికి అది దగ్గరగా ఉంటుంది. పెన్సిల్వేనియాలో గ్రోవ్ సిటీ కాలేజీ అని ఉంది. ప్రభుత్వం దగ్గర నేరుగా పైసా తీసుకోం అన్నది వాళ్ల నియమం. కానీ 2,200 మంది విద్యార్థుల్లో సుమారు 140 మంది ప్రభుత్వం ఇచ్చే గ్రాంటుతో చదువుకునేవాళ్లు. ఆ డబ్బు విద్యార్థి చేతికి వచ్చి, అక్కడి నుంచి ఫీజుగా కాలేజీకి వచ్చేది. ఆడ, మగ వివక్ష చూపబోమని హామీ పత్రం మీద సంతకం చేయమంటే కాలేజీ చేయనన్నది. వివక్ష చూపారని ఎవరూ ఆరోపించలేదు. పేచీ అంతా సంతకం దగ్గరే. 1984లో అక్కడి సుప్రీంకోర్టు, విద్యార్థి జేబులోంచి వచ్చినా అది ప్రభుత్వ సాయమే అంది. ఆర్థిక సహాయం చూసే విభాగానికి మాత్రమే ఆ నిబంధన వర్తిస్తుందని కోర్టు చెబితే, 1988లో చట్టం చేసి మొత్తం కాలేజీకి వర్తింపజేశారు. కోర్టు తీర్పు తర్వాత వాళ్లు ఆ గ్రాంటు నుంచి బయటికి వచ్చేశారు, 1996లో ప్రభుత్వ విద్యా రుణాల నుంచీ బయటికి వచ్చారు. వివక్ష వద్దనే సంతకానికి అంత పేచీ పెట్టడం నాకు నచ్చలేదు, అది వేరే మాట. కానీ వాళ్లు చేసిన ఒక పని నచ్చింది. బయటికి వస్తూ, ఆ పిల్లలకు పోయిన డబ్బును సొంత నిధి నుంచి భర్తీ చేసే ఏర్పాటు చేసుకున్నారు. మనవాళ్లు తీర్మానం ముందు చేస్తారు, నిధి తర్వాత చూద్దాం అంటారు. ఆ ‘తర్వాత’లో ఎవరు కడతారు?

మేము ఒకసారి ఆ ‘తర్వాత’లోకి దిగాం. చెప్పకూడదు కానీ చెబుతాను. ఇంగ్లీషు మీడియం సెక్షన్లలో ఒక ఏడాది రాయితీలు ఉదారంగా ఇచ్చాం. వార్షికోత్సవంలో చప్పట్లు కొట్టించుకున్నాం కూడా. మార్చి నెలాఖరుకు లెక్క తేలలేదు. కరెంటు బిల్లు ఆపలేం, భవనం పన్ను ఆపలేం. ఆపగలిగింది ఒక్కటే, టీచర్ల ఇంక్రిమెంటు. మూడేళ్లు ఆపాం. అదే ఆవరణలో గోడకు అటువైపు ఎయిడెడ్ సెక్షన్ టీచరుకు సర్కారు జీతం, ఇటువైపు అదే పాఠం చెప్పే అమ్మాయికి అందులో మూడో వంతు కూడా లేదు. ఆ అమ్మాయి ఒకరోజు నా గదికి వచ్చి, కొడుకును మన బడిలోనే చేర్చాలని రాయితీకి దరఖాస్తు ఇచ్చింది. అప్పటికి నాకు విషయం బోధపడింది. మేము సర్కారు సొమ్ము లేకుండా, దాతల సొమ్ము లేకుండా నలభై మందిని చదివిస్తున్నాం అనుకున్నాం కదా. వాళ్లను చదివిస్తున్నది ఆ టీచర్లు. ఎవరూ వాళ్లను అడగలేదు, రసీదూ ఇవ్వలేదు.

సరే, దాతలను అడుగుదాం అంటారు. అడుగుదాం. మద్రాసు అడగడంలోనూ ఇవ్వడంలోనూ పేరున్న ఊరే. వ్యాపారి పచ్చయప్ప మొదలియార్ 1794లో పోయాడు. వీలునామాలో దానధర్మాలకు రాసిన డబ్బు కోర్టుల్లో నలిగి, నలిగినకొద్దీ వడ్డీతో పెరిగి, అందులో మిగులుతో 1842లో బడి తెరిచారు. దావా వేసినందుకు విద్యకు లాభం జరిగిన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే. అది తర్వాత కాలేజీ అయింది, ఎందరో గొప్పవాళ్లు అక్కడ చదివారు. కానీ 1947 వరకు అందులో హిందువులకు మాత్రమే ప్రవేశం. సర్కారు షరతు అయితే కోర్టుకు వెళ్లవచ్చు, ఎన్నికల్లో ఓడించవచ్చు. పోయిన దాత పేరుతో ఉన్న షరతును కదిలించడానికి నూరేళ్లు దాటింది.

అలాగని సర్కారు సొమ్ము నిలకడ అనీ కాదు. మన పిట్టి త్యాగరాయ చెట్టిగారు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, 1920లో, థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం ఫలహారం పెట్టించారు. తలకు రోజుకు అణా మించకుండా. ప్రాథమిక విద్య నిధిలోంచి ఆ ఖర్చు కుదరదని పైవాళ్లు అభ్యంతరం పెట్టేసరికి 1925లో ఆగిపోయింది. ఒక పద్దు కింద రాయవలసింది ఇంకో పద్దు కింద రాశారన్న పేచీకి పిల్లల ముందు నుంచి పళ్లెం తీసేశారు. నాలాంటి లెక్కలవాడే ఎవరో ఆ అభ్యంతరం రాసి ఉంటాడు.

మన దాతల్లో కూడా రకరకాల వాళ్లు ఉన్నారు. ఒకాయన ఐదుగురు పిల్లల ఫీజు కట్టారు, ప్రతి నెలా ప్రతి పిల్లవాడూ తనకు ఉత్తరం రాయాలన్నారు. మొదటి నెల టీచరు నల్లబల్ల మీద ఉత్తరం రాసింది, వాళ్లు చూసి రాశారు. రెండేళ్లు అదే ఉత్తరం. ‘మీ ఆశీస్సులతో నేను క్షేమం’. ఆయన వాటిని ఫైలు చేసి ఉంచుకున్నారట, చూసి సంతోషించేవారట. ఇంకొకరు చెక్కు వేదిక మీద ఇస్తామన్నారు, పిల్లలను పేరు పేరునా పిలవమన్నారు. ఆ రోజు ఏడో తరగతి కుర్రవాడు ఒకడు పేరు పిలిచినా రాలేదు. మంచినీళ్ల ట్యాంకు వెనక దొరికాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. వాడేమీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. చెప్పులు విప్పి వేళ్లలో ఇసుక దులుపుకుంటున్నాడు, కార్యక్రమం అయ్యేదాకా అదే పని.

ఇప్పుడు లెక్క. బోరు కొట్టినా వినాలి, మీరు ఈ రాత్రి చెక్కులు రాయబోతున్నారు కాబట్టి. ఏడాది ఫీజు 30,000 అనుకోండి. బ్యాంకు వడ్డీ ఏడు శాతం అనుకోండి. ఒక్క పిల్లవాడి ఫీజు వడ్డీ మీద నడవాలంటే సుమారు 4,30,000 మూలధనం కావాలి. పదిమందికి 43 లక్షలు. అమ్మయ్య, పోగుచేశాం అనుకుందాం. ఫీజు ఏటా ఎనిమిది శాతం పెరిగితే తొమ్మిదేళ్లకు రెట్టింపు అవుతుంది. వడ్డీ మాత్రం అంతే ఉంటుంది. ఈ జూన్‌లో ఒకటో తరగతిలో చేర్చిన పదిమంది పదో తరగతికి వచ్చేసరికి మన నిధి ఐదుగురినే మోస్తుంది. పబ్లిక్ పరీక్ష ఏడాది ఆ పదిమందిలో ఏ ఐదుగురిని దింపుతారు? కాబట్టి ఏడు శాతంలో నాలుగే ఖర్చుపెట్టి మూడు మళ్లీ మూలధనంలో కలపాలి. అలా అయితే తలకు ఏడున్నర లక్షలు కావాలి. అప్పటికీ ఫీజుతో సమానంగా పరుగెత్తలేం, వెనకబడడం కొంచెం నెమ్మదిస్తుంది.

నిరుత్సాహపడకండి, ఇందులో మెలిక ఉంది. మన తరగతి గదిలో నలభై మంది పడతారు, ఇప్పుడు ముప్పై ముగ్గురు ఉన్నారు. ఖాళీగా ఉన్న ఆ ఏడు చోట్లలో పిల్లలను కూర్చోబెడితే కొత్త టీచరు అక్కరలేదు, కొత్త గది అక్కరలేదు. అక్కడ రాయితీ అంటే రాని ఆదాయమే తప్ప పోయే ఖర్చు కాదు. నలభై ఒకటో పిల్లవాడు వచ్చి రెండో సెక్షన్ పెట్టవలసి వచ్చినప్పుడు లెక్క తిరగబడుతుంది. నిజంగా నోటు చేతులు మారేది పుస్తకాల దగ్గర, యూనిఫారం దగ్గర, వ్యాను దగ్గర, పరీక్ష ఫీజు దగ్గర. ఫీజు మాఫీ చేసిన పిల్లవాడు బడికి ఎందుకు రావడం లేదని వెళ్లి చూస్తే, బూట్లు లేవని రాలేదు. అందుకని మన నిధిలో మొదటి రూపాయి బూట్లకు పోవాలి, ఫీజుకు కాదు. ఫీజు మాఫీలు ఖాళీ సీట్ల మేరకే ఇవ్వాలి. అంతకు మించితే నిధి నుంచి బడికి అసలు రూపాయి జమ కావాలి, లేకపోతే మళ్లీ టీచర్ల ఇంక్రిమెంటు మీదికే పోతుంది.

మార్కులను బట్టి ఇద్దాం అని నిన్న వాట్సాప్‌లో ఒకరు రాశారు. 1993లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు వృత్తి విద్యా కాలేజీలకు ఒక పథకం గీసింది. సగం సీట్లు మార్కులను బట్టి ఫ్రీ, మిగతా సగం డబ్బు కట్టేవి, వీళ్ల ఫీజుతో వాళ్ల చదువు. జరిగింది ఏమిటంటే మంచి మార్కులు తెచ్చుకున్నది చాలావరకు పట్నంలో ట్యూషన్లు చదివిన పిల్లలు, కట్టే సీటుకు అప్పుచేసింది పల్లెటూరి కుటుంబాలు. 2002లో టి.ఎం.ఎ. పాయ్ తీర్పులో పదకొండు మంది న్యాయమూర్తులు ఆ పథకాన్ని కొట్టేశారు. లేనివాళ్లు ఉన్నవాళ్లను చదివించారన్నమాట. మార్కులకు కప్పు ఇద్దాం, పుస్తకం ఇద్దాం. ఫీజు నిధి మాత్రం అవసరాన్ని బట్టే.

ఇక ఏర్పాట్లు, గబగబా చెప్పేస్తాను. ఎవరికి ఇవ్వాలో నిర్ణయించే ముగ్గురికి పేర్లు తెలియకూడదు, నంబరు వేసిన కాగితం మాత్రమే చేరాలి. పేర్ల జాబితా ప్రధానోపాధ్యాయురాలి బీరువాలో ఉంటుంది, ఆడిటర్ అక్కడ చూసుకుంటారు. ఆ గీత మీద మా ఇద్దరికీ అలా రాజీ కుదిరింది. ఏ ఒక్క దాత డబ్బూ నిధిలో ఐదో వంతు దాటకూడదు, నాకు ఇష్టమైన దాత అయినా సరే. చెక్కు ఇచ్చేటప్పుడు మూలధనానికి అయితే ఆ మాట రాసి ఇవ్వండి. రెండు వేలు మించిన నగదు విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు, కాబట్టి నోట్ల కట్టలు తేకండి. మనవడి సీటు కోసం విరాళం ఇస్తామని నాతో గుసగుసలాడే పెద్దలకు కూడా ఒక మాట. దాని పేరు విరాళం కాదు, చట్టంలో దానికి క్యాపిటేషన్ ఫీజు అని వేరే పేరుంది.

బకాయి ఉన్న పిల్లల టీసీ ఆపుదాం అన్న ప్రస్తావన అజెండాలో ఐదో అంశంగా ఉంది. టీసీ ఆపడం మాట అటుంచి, అందులో ఫీజు బకాయి అని రాయడమే వద్దని 2024లో మద్రాసు హైకోర్టు చెప్పింది. ఆ అంశం తీసేయమని కార్యదర్శిగారిని కోరుతున్నాను. ఆయన తల ఊపుతున్నారు, మినిట్స్‌లో రాసుకోండి.

టీ వచ్చినట్టుంది. ఒక్క నిమిషం. మీ కుర్చీల మీద విరాళం ఫారాలు పెట్టారు. రెండో పేజీలో ‘సహాయం పొందిన విద్యార్థి ఫొటో కావాలా’ అని ఒక గడి ఉంది. పాత ఫారం చూసి అచ్చు వేయించారు, ఎవరి తప్పూ లేదు. మధ్యాహ్నం నేనూ మన గుమస్తా కూర్చుని రెండు వందల ఫారాల్లో ఆ గడిని ఇంకుతో కొట్టేశాం. చివరి ముప్పై దగ్గర పెన్ను ఆగిపోయింది. వెనక రెండు వరుసల వాళ్లకు కొట్టేయని ఫారాలు వచ్చి ఉంటాయి. దయచేసి మీరే కొట్టేసి ఇవ్వండి.